అనుసంధానిత నోట్సు: సొంత సాధనాన్ని ఎంచుకోవడం ఎలా?

పరిచయం

డిగ్రీ పూర్తయ్యేసరికి మీ దగ్గర పాఠ్యపుస్తకాల కంటే ఎక్కువగా పోగుపడేవి మీరు రాసుకున్న నోట్సులే. కాంటాక్టు తరగతుల్లో గబగబా రాసుకున్నవి కొన్ని నోటుపుస్తకంలో ఉంటాయి. బస్సులో గుర్తొచ్చి రాసుకున్నవి ఫోనులో ఉంటాయి. మీకు మీరే పంపుకున్న వాట్సాప్ సందేశాలు, బోర్డును ఫొటో తీసుకున్న చిత్రాలు, అసైన్‌మెంటు కోసం టైపు చేసిన ఫైళ్లు వీటికి అదనం. పరీక్షలు దగ్గరపడినప్పుడు తెలిసివచ్చేది ఏమంటే, నోట్సుకు కొదవ లేదు, ఒకదానికీ మరొకదానికీ సంబంధమే లేదు. ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటిపనో చేసుకుంటూ రాత్రి పదింటికి పుస్తకం తెరిచే దూరవిద్య విద్యార్థికి ఇది చిన్న నష్టం కాదు. వెతుకులాటలో పోయే అరగంటే అతనికి ఆ రోజు దొరికిన చదువు సమయంలో సగం.

నోట్సులను ఒకదానితో ఒకటి కలిపి భద్రపరచే కంప్యూటరు సాధనాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో ఓపెన్ సోర్స్ సాధనాలు, మన సొంత యంత్రంమీద నడుపుకోగలిగిన సాధనాలు ఏమిటి, వాటిలోంచి ఒకదాన్ని ఎలా ఎంచుకోవాలి అనేది ఈ పాఠ్యాంశంలో పరిశీలిద్దాం. చాలామంది ఎంపికను సౌకర్యాల జాబితాతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో మొదటి ప్రశ్న వేరు. రాసిన నోట్సు ఏ రూపంలో, ఎవరి చేతిలో ఉంటుంది? దీనికి జవాబు దొరికాకే తక్కిన ప్రశ్నలు.

అనుసంధానిత నోట్సు అంటే ఏమిటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. బి.ఏ. విద్యార్థి చరిత్ర చదువుతూ రైతువారీ పద్ధతి గురించి ఒక నోట్సు రాసుకున్నాడు. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పేరు అందులో వచ్చింది. మరో నెలకు అర్థశాస్త్రంలో భూసంస్కరణల పాఠం వచ్చింది. ఇంకో నెలకు తెలుగు సాహిత్యంలో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ వచ్చింది. మూడు సబ్జెక్టులు, మూడు నోటుపుస్తకాలు. అయినా భూమి ఎవరిది, శిస్తు ఎవరు కట్టారు, పని ఎవరు చేశారు అన్న ప్రశ్న మూడింటిలోనూ ఉంది. నోటుపుస్తకం ఆ సంబంధాన్ని చూపించలేదు. ఫోల్డర్లు కూడా చూపించలేవు, ఎందుకంటే ఒక ఫైలు ఒక ఫోల్డరులోనే ఉంటుంది.

అనుసంధానిత నోట్సులో ప్రతి విషయానికీ ఒక చిన్న పేజీ ఉంటుంది. ఒక పేజీలో రాస్తూ మరో పేజీ పేరును జంట బ్రాకెట్లలో, అంటే [[రైతువారీ పద్ధతి]] అని రాస్తే అది లింకు అవుతుంది. ఇంతవరకు వెబ్‌పేజీల్లో మీరు చూసినదే. కొత్త విషయం వెనుక లింకు. రైతువారీ పద్ధతి పేజీ తెరిస్తే, ఏయే పేజీలు దాన్ని ప్రస్తావించాయో సాధనమే కింద జాబితా వేసి చూపిస్తుంది. ‘మాలపల్లి’ పేజీలో లింకు ఇచ్చింది మీరే, కానీ ఆరు నెలల తర్వాత అది మీకు గుర్తుండదు. సాధనానికి గుర్తుంటుంది. ఈ పద్ధతి ఉపయోగమంతా ఇక్కడే ఉంది.

ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమాన్ (1927–1998) కాగితపు చీటీలమీదే ఈ పని చేశాడు. ఆయన చెక్క సొరుగుల్లో సుమారు 90,000 చీటీలు పోగుపడ్డాయి. ప్రతి చీటీకీ ఒక సంఖ్య ఉండేది. ఒక చీటీలో మరో చీటీ సంఖ్యను రాయడమే ఆయన లింకు. వాటిని ఇప్పుడు బీలెఫెల్ట్ విశ్వవిద్యాలయం డిజిటల్ రూపంలోకి తెస్తోంది. అమెరికాలో వానెవార్ బుష్ 1945లో రాసిన ఒక వ్యాసంలో, పత్రాల మధ్య దారులు వేసుకునే ‘మెమెక్స్’ అనే యంత్రాన్ని ఊహించాడు. టెడ్ నెల్సన్ 1965లో ‘హైపర్‌టెక్స్ట్’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని నడిపాడు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఆ కుటుంబంలోనిదే, పైన చెప్పిన జంట బ్రాకెట్లే అక్కడా వాడతారు. కాబట్టి తెలుగు వికీపీడియాలో ఒక్క వ్యాసాన్నయినా దిద్దినవారికి ఈ పద్ధతిలో సగం వచ్చినట్లే.

ఉచితం, ఓపెన్ సోర్స్, సొంతం

ఈ మూడు మాటలను ఒకే అర్థంలో వాడేస్తుంటారు. వేరుచేసి చూడాలి.

ఉచితం అంటే డబ్బు అడగలేదు అని మాత్రమే. ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాము మూలరచన అందరికీ అందుబాటులో ఉంది, దాన్ని చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు అని లైసెన్సు హామీ ఇస్తుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమం ఈ హక్కులను స్వేచ్ఛ అనే పేరుతో ముందుకు తెచ్చింది. ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వచ్చింది. ఇక సొంతం అంటే, నోట్సు ఉన్న డిస్కు మీ ఇంట్లో, మీ చేతిలో, లేదా మీరు అద్దెకు తీసుకున్న సర్వరులో ఉంది అని.

ఇవి ఒకటి ఉంటే మరొకటి ఉండాలని లేదు. గూగుల్ నోట్‌బుక్ అనే సేవ 2006లో వచ్చింది, 2009లో దాని అభివృద్ధి ఆగింది, 2012లో మూతపడింది. అది ఉచితమే, కానీ ఓపెన్ సోర్స్ కాదు, సొంతమూ కాదు. నోట్సులను గూగుల్ డాక్స్‌లోకి మార్చి ఇచ్చారు కాబట్టి పూర్తిగా పోలేదు. ఎవర్‌నోట్ 2023 చివరలో ఉచిత ఖాతాలకు 50 నోట్సులు, ఒకే నోట్‌బుక్ అని పరిమితి పెట్టింది. అప్పటికే వేల నోట్సులున్నవారు పాతవాటిని చూసుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు, కొత్తవి చేర్చాలంటే మాత్రం డబ్బు కట్టాలి. ఇందులో మోసమేమీ లేదు. ఇల్లు ఇంటి యజమానిది, అద్దె ఎంతో ఆయనే నిర్ణయిస్తాడు.

ఇప్పుడు దీనికి భిన్నమైన ఉదాహరణ చూడండి. ట్రిలియం అనే ఓపెన్ సోర్స్ నోట్సు ప్రోగ్రామును ప్రధానంగా ఒక్క వ్యక్తే రాస్తూ వచ్చాడు. 2024 తొలినాళ్లలో ఆయన కొత్త సౌకర్యాల పని ఆపి, నిర్వహణకు మాత్రమే పరిమితమవుతానని ప్రకటించాడు. మూలరచన అందరి దగ్గరా ఉంది కాబట్టి వాడుకరులే ‘ట్రిలియం నెక్స్ట్’ పేరుతో పనిని కొనసాగించారు. లైసెన్సు అనేది న్యాయవాదులు చూసుకునే కాగితం అనుకుంటాం గాని, ఇలాంటి రోజున అది పనికివస్తుంది.

మరొకటి, అబ్సిడియన్. విద్యార్థుల్లో బాగా ప్రచారంలో ఉన్న సాధనం. దీని మూలరచన మూసి ఉంటుంది, అంటే ఓపెన్ సోర్స్ కాదు. కానీ అది నోట్సులను మీ కంప్యూటరులో ఒక మామూలు ఫోల్డరులో, మామూలు పాఠ్య ఫైళ్లుగా ఉంచుతుంది. రేపు ఆ సంస్థ మూతపడినా ఆ ఫైళ్లను ఏ నోట్‌ప్యాడ్‌తోనైనా తెరవవచ్చు. ఓపెన్ సోర్స్ అయినా నోట్సును ఎవరికీ అర్థంకాని డేటాబేస్‌లో దాచే సాధనం కంటే, ఈ ఒక్క విషయంలో, మూసి ఉన్న అబ్సిడియనే మీకు ఎక్కువ స్వేచ్ఛ ఇస్తుందని చెప్పాలి. ఓపెన్ సోర్స్ అభిమానులకు ఈ మాట రుచించదు. అయినా విద్యార్థి పక్షాన నిలబడి చూస్తే నాకు కనిపించే వరుస ఇది: మొదట ఫైలు రూపం, తర్వాత లైసెన్సు, ఆ తర్వాత సర్వరు.

సాదా పాఠ్యం ఎందుకు?

ఫైలు రూపానికి అంత ప్రాధాన్యం ఎందుకని అడగవచ్చు. తెలుగువారికి ఇది కొత్త పాఠం కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, మన ముద్రణాలయాల్లో, పత్రికా కార్యాలయాల్లో చాలా ఏళ్లపాటు రాజ్యమేలినవి అను వంటి డీటీపీ ఫాంట్లు. వాటిలో టైపు చేసిన ఫైలులో నిజానికి ఉండేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు మాత్రమే ఉంటాయి, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కనిపించేది అర్థంలేని గుర్తుల వరుస. వెతకడానికి వీలుండదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. మార్పిడి ప్రోగ్రాములు వచ్చాయి గాని, మార్చిన తర్వాత ఒత్తులు, పొల్లులు కూర్చుని దిద్దుకోవలసిందే. అప్పట్లో ఆ ఫాంట్లు లేకపోతే తెలుగు అచ్చు అంత వేగంగా ముందుకు పోయేది కాదన్నదీ నిజమే. అయితే ఫలితం ఏమిటంటే, ఒక తరం తెలుగు రచన ఒక సాధనానికి కట్టుబడిపోయింది.

అందుకే యూనికోడ్ తెలుగులో, సాదా పాఠ్య ఫైలులో నోట్సు రాయమని సలహా. శీర్షిక, బొద్దు అక్షరం, జాబితా వంటివి కావాలంటే మార్క్‌డౌన్ అనే గుర్తుల పద్ధతి ఉంది. జాన్ గ్రూబర్ 2004లో దీన్ని విడుదల చేశాడు. వరుస మొదట ఒక చదరపు గుర్తు పెడితే శీర్షిక, మాటకు రెండు పక్కలా రెండేసి నక్షత్రాలు పెడితే బొద్దు అక్షరం. ఆ గుర్తులు తెలియని ప్రోగ్రాములో తెరిచినా పాఠ్యం చదువుకోవడానికి ఇబ్బంది లేదు.

సాదా పాఠ్యానికి చోటు కూడా పెద్దగా అక్కరలేదు. యూనికోడ్ ఫైలులో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ సాధారణంగా 3 బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు అచ్చుల గుర్తులు, వెరసి ఆరు సంకేతాలు, 18 బైట్లు. మాటకు సగటున 8 సంకేతాలు అనుకుంటే, ఖాళీతో కలిపి 25 బైట్లు. 300 మాటల నోట్సు 7,500 బైట్లు. అలాంటివి వెయ్యి రాసినా 7.5 మెగాబైట్లే. మీ ఫోనులోని రెండు మూడు ఫొటోలంత.

తెలుగులో పరీక్షించకుండా ఎంచుకోవద్దు

సాధనాల గురించి వచ్చే సమీక్షలన్నీ దాదాపు ఇంగ్లీషు నోట్సును దృష్టిలో పెట్టుకుని రాసినవే. తెలుగులో రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కులు వాటిలో ఉండవు. కాబట్టి ఈ భాగాన్ని కాస్త నిదానంగా చదవండి.

మొదటిది విభక్తుల సమస్య. ఇంగ్లీషులో పేజీ పేరు వాక్యంలో చాలావరకు అలాగే ఉంటుంది. తెలుగులో మాట మారిపోతుంది. ‘ఒప్పందం’ అని పేజీ ఉంది, వాక్యంలో వచ్చేది ‘ఒప్పందాన్ని’, ‘ఒప్పందాలు’. ‘ఊరు’ అని పేజీ, వాక్యంలో ‘ఊళ్లో’. ‘ఇల్లు’ అయితే ‘ఇంటికి’. ‘పద్ధతి’ వంటి మాట మారదు కాబట్టి [[రైతువారీ పద్ధతి]]ని అని బ్రాకెట్ల బయట ప్రత్యయం చేర్చవచ్చు. ‘ఒప్పందం’ దగ్గర అది కుదరదు. అక్కడ పేజీ పేరు ఒకటి, వాక్యంలో కనిపించే మాట మరొకటి ఇచ్చే వీలుండాలి. వికీపీడియాలో నిలువు గీతతో [[ఒప్పందం|ఒప్పందాన్ని]] అని రాస్తారు. మీరు ఎంచుకునే సాధనంలో ఈ సౌకర్యం ఏదో ఒక రూపంలో ఉందో లేదో చూడండి. లేకపోతే మీ తెలుగు వంకరపోతుంది. లింకు కుదరడం కోసం ‘ఒప్పందం ను’ అని రాసే అలవాటు పడుతుంది, అది పరీక్ష జవాబుపత్రంలోకీ పాకుతుంది.

ఇదే కారణంగా, లింకు ఇవ్వని ప్రస్తావనలను కూడా వెతికిపెడతామని కొన్ని సాధనాలు చెప్పుకునే సౌకర్యం తెలుగులో సగమే పనిచేస్తుంది. ‘ఒప్పందం’ కోసం వెతికితే ‘ఒప్పందాలు’ దొరకదు. చివరి సున్నా తీసి ‘ఒప్పంద’ అని వెతికితే రెండూ దొరుకుతాయి. ఇంగ్లీషు లిపి కోసం రాసిన కొన్ని వెతుకులాట ప్రోగ్రాములు మన గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించక, మాటను మధ్యలో తుంచుతాయి. హాష్ గుర్తుతో ఇచ్చే ట్యాగులు కూడా తెలుగులో అలాగే మొదటి అక్షరం దగ్గరే తెగిపోవచ్చు.

రెండోది కంటికి కనిపించని అక్షరం. ‘పార్క్‌లో’ అని రాసినప్పుడు క, ల కలిసి ఒత్తు కాకుండా విడిగా నిలవడానికి కీబోర్డు మధ్యలో ఒక శూన్య సంకేతాన్ని చేరుస్తుంది. ఒక పేజీ పేరులో ఆ సంకేతం ఉండి, లింకులో లేకపోతే సాధనం వాటిని రెండు వేర్వేరు పేజీలుగా చూస్తుంది. అందుకే పేజీ పేర్లను వీలైనంతవరకు ఇలాంటి కూర్పులు లేకుండా, అచ్చంగా ప్రథమా విభక్తిలో, చిన్నగా పెట్టుకోవడం మంచిది. ‘అర్థం’, ‘అర్ధం’ వంటి వర్ణక్రమ భేదాల సంగతి చెప్పనక్కరలేదు.

మూడోది ఫైలు పేరు పొడవు. లినక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైలు పేరు సాధారణంగా 255 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషులో అది 255 అక్షరాలు. తెలుగులో సంకేతానికి 3 బైట్లు కాబట్టి 85 సంకేతాలకే అయిపోతుంది. పుస్తకం పూర్తి పేరు, అధ్యాయం పేరు కలిపి శీర్షిక పెడితే ఈ హద్దు దాటడం కష్టమేమీ కాదు.

కొన్ని సాధనాలు

పేర్లు చాలా ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించినవే చెబుతాను.

జాప్లిన్ ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్ ఫోనులో, కంప్యూటరులో ఒకే తీరులో నడుస్తుంది. ఫోనే ప్రధాన యంత్రంగా ఉన్న విద్యార్థికి ఇది సులువైన మొదలు. నోట్సు మార్క్‌డౌన్‌లోనే రాస్తారు, కానీ యంత్రంలో అది ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటుంది. ఫోల్డరు తెరిచి ఫైళ్లు చూడలేరు, ఎగుమతి చేసుకోవాలి. ఇందులో లింకు పేజీ పేరుమీద కాక ఒక గుర్తింపు సంఖ్యమీద ఆధారపడుతుంది. అందువల్ల పేజీ పేరు మార్చినా లింకు తెగదు, వాక్యంలో కనిపించే మాటను మీ ఇష్టం వచ్చిన విభక్తిలో రాసుకోవచ్చు. తెలుగుకు ఇది అనుకోని మేలు. వెనుక లింకుల జాబితా కావాలంటే మాత్రం ప్లగిన్ చేర్చుకోవాలి.

లాగ్‌సెక్ కూడా ఓపెన్ సోర్స్. వెనుక లింకులు దీని ప్రాణం. రోజుకో పేజీ దానంతటదే తెరుచుకుంటుంది, అందులో రాస్తూ పోతే సంబంధిత పేజీల కింద అవన్నీ చేరుతాయి. ఫైళ్లు మార్క్‌డౌన్‌లో మీ ఫోల్డరులోనే ఉంటాయి. అయితే ప్రతి పేరా ఒక చుక్క కింద అంశంగా ఉండటం దీని స్వభావం. వ్యాసంలాగా సాగే రచనకు అది ఇరుకు. సారాంశాలు, పాయింట్లు రాసుకునేవారికి హాయి. ఫైళ్ల రూపంతోపాటు డేటాబేస్ రూపం కూడా ఇందులో తయారవుతోంది. మొదలుపెట్టేటప్పుడు మీరు ఏ రూపంలో మొదలుపెడుతున్నారో చూసుకోండి.

జెరెమీ రస్టన్ 2004లో విడుదల చేసిన టిడ్లీవికీ ఒక వింత. ప్రోగ్రామూ, నోట్సూ కలిసి ఒకే వెబ్‌పేజీ ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటర్నెట్ సెంటరులోనో, అధ్యయన కేంద్రంలోనో బ్రౌజరుతో తెరవవచ్చు. చిక్కంతా భద్రపరచే దగ్గర. మామూలు బ్రౌజరు ఫైలును నేరుగా మార్చనివ్వదు, ప్రతిసారీ కొత్త ప్రతి దిగుతుంది. ఏది తాజా ప్రతో గుర్తుపెట్టుకోవాలి, లేదా అదనంగా సహాయక ప్రోగ్రాము పెట్టుకోవాలి.

సర్వరుమీద నడిపేవాటిలో డోకువికీ (2004) నాకు నచ్చినది. డేటాబేస్ అవసరం లేదు, పేజీలు పాఠ్య ఫైళ్లుగానే ఉంటాయి, పాత ప్రతులు కూడా దాచి ఉంచుతుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే సబ్జెక్టు నోట్సు తయారుచేసుకోవడానికి బాగుంటుంది. గుర్తుల పద్ధతి మాత్రం మార్క్‌డౌన్ కాదు. దీన్ని పెట్టుకునే తెలుగువారు మొదటిరోజే ఒక అమరిక మార్చాలి. ఫైలు పేర్లలో ఇంగ్లీషు కాని అక్షరాలను అది శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మార్చి రాస్తుంది. అప్పుడు ఒక్కో తెలుగు సంకేతం 9 అక్షరాల చోటు తింటుంది. 255 హద్దులో ముప్పై సంకేతాలు కూడా పట్టవు. ఫైలు పేర్లను యూనికోడ్‌లోనే ఉంచే ఎంపిక అమరికల్లో ఉంది. పేజీలు రాయడం మొదలయ్యాక మార్చితే పాత పేజీలు కనపడకుండా పోతాయి, కాబట్టి ముందే మార్చుకోవాలి.

ట్రిలియం నెక్స్ట్ శక్తిమంతమైనదే, వేల నోట్సులను చెట్టు కొమ్మల్లా అమర్చుతుంది. అంతా ఒకే డేటాబేస్‌లో ఉండటం వల్ల డిగ్రీ విద్యార్థికి మొదటి సాధనంగా చెప్పను. పరిశోధన వైపు వెళ్లేవారు కంప్యూటరు ఉంటే జెట్లర్ చూడవచ్చు. సాదా ఫైళ్లు, వెనుక లింకులు, జొటేరోతో కలిపి ఉపయుక్త గ్రంథాల ఉల్లేఖన, మూడూ ఉన్నాయి. ఫోనులో మాత్రం నడవదు.

సొంత సర్వరు నిజంగా కావాలా?

సొంతంగా ఉంచుకోవడంలో మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు ఒకే యంత్రంలో ఒక ఫోల్డరు. రెండోది ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య ఆ ఫోల్డరును సమానంగా ఉంచడం. దీనికి సింక్‌థింగ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఉంది. మధ్యలో ఎవరి దగ్గరా ప్రతి ఉంచకుండా రెండు యంత్రాలూ నేరుగా మాట్లాడుకుంటాయి. అందుకే రెండూ ఒకే సమయంలో వెలుగుతూ ఉండాలి. ఒకే నోట్సును రెండుచోట్లా మార్చితే ఏదీ పారేయకుండా రెండో ప్రతిని వేరే పేరుతో పక్కన పెడుతుంది. దీని అధికారిక ఆండ్రాయిడ్ రూపం 2024 డిసెంబరులో ఆగిపోయింది, ఇతరులు కొనసాగిస్తున్న రూపాన్ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకోవాలి.

మూడో మెట్టు సర్వరు. పాత లాప్‌టాపు, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు, లేదా నెలవారీ అద్దెకు తీసుకున్న యంత్రం. 20 వాట్లు తీసుకునే లాప్‌టాపు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 14.4 యూనిట్లు, 5 వాట్ల బోర్డు అయితే 3.6 యూనిట్లు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఉన్న పాత లాప్‌టాపే కొంతసేపు నిలబడుతుంది, అది దాని ఆధిక్యం. ఖర్చు కంటే పెద్దది పని. సర్వరు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే దాన్ని తట్టిచూసే ప్రోగ్రాములు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి తాజా మార్పులు వేస్తూ ఉండాలి, బలమైన సంకేతపదం పెట్టాలి, గుప్తీకరించిన మార్గం అమర్చాలి. పైగా మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో అనేకమంది వినియోగదారులకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తారు. అటువంటి కనెక్షనులో ఇంట్లో ఉన్న సర్వరును బయటినుంచి చేరడానికి వేరే ఏర్పాటు కావాలి. కంప్యూటరు సైన్సు విద్యార్థికి ఇదంతా మంచి అభ్యాసం. తక్కినవారికి రెండో మెట్టు చాలు. సర్వరు నడపడంలో పడి చదువు మానేసినవారిని నేను చూశాను.

ఏ మెట్టుమీద ఉన్నా బ్యాకప్ వేరే పని అని గుర్తించండి. సింక్ బ్యాకప్ కాదు. ఫోనులో పొరపాటున ఒక ఫైలు తుడిచేస్తే సింక్ ఆ తుడిచివేతను కూడా శ్రద్ధగా కంప్యూటరుకు చేరవేస్తుంది. అంగన్‌వాడీలో పనిచేస్తూ బి.ఏ. చదివిన ఒక విద్యార్థిని ఫోను మూడో సంవత్సరం పరీక్షలకు రెండు వారాల ముందు నీళ్లలో పడింది. నోట్సంతా అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఆమె పాఠ్యపుస్తకాలు మళ్లీ మొదటినుంచి చదివి పరీక్షలు రాసింది, గట్టెక్కింది కూడా. కానీ అందరికీ ఆ రెండు వారాల సెలవు దొరకదు. 7.5 మెగాబైట్లను వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేయడానికి నిమిషం కూడా పట్టదు. మరో ప్రతిని ఇంటి బయట, బంధువుల ఇంట్లోనో ఆన్‌లైన్ ఖాతాలోనో ఉంచండి. ఆన్‌లైన్‌లో ఉంచితే సొంతదనం పోతుందేమో అని కొందరు అడుగుతారు. అసలు ప్రతి మీ దగ్గరుండి, నకలు మాత్రమే అక్కడ ఉంటే పోదు.

అభ్యాసం

సాధనాన్ని ఖాయం చేసుకునే ముందు ఒక వారం ఈ పని చేయండి. ఈ సెమిస్టరులోని రెండు సబ్జెక్టుల నుంచి ఇరవై చిన్న నోట్సులు తెలుగులో రాయండి. కనీసం పదింటిలో ఇతర పేజీలకు లింకులు ఇవ్వండి. వాటిలో మూడు లింకులు ‘ఒప్పందాన్ని’, ‘ఊళ్లో’ వంటి మారిన రూపాల్లో ఉండాలి. ఒక పేజీ పేరు మార్చి, లింకులు నిలిచాయో తెగాయో చూడండి. ఒక తెలుగు మాటను పూర్తిగా వెతకండి, తర్వాత చివరి సున్నా తీసేసి వెతకండి, ఫలితాల సంఖ్య రాసుకోండి. తెలుగు ట్యాగు ఒకటి పెట్టి అది పూర్తిగా పట్టిందో లేదో గమనించండి. ఫోనులో ఇంటర్నెట్ ఆపివేసి నోట్సు తెరుచుకుంటుందా అని చూడండి.

చివరగా అన్నిటినీ మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఎగుమతి చేసి, ఆ ప్రోగ్రాము లేని మరో యంత్రంలో నోట్‌ప్యాడ్‌తో తెరవండి. పాఠ్యం చదవగలుగుతున్నారా? ఏ నోట్సు దేనికి లింకు అయిందో కంటితో చూసి చెప్పగలుగుతున్నారా? బొమ్మలు వెంట వచ్చాయా? మీ స్నేహితుడు వేరే సాధనంతో ఇదే అభ్యాసం చేసి ఉంటే, ఫలితాలను అధ్యయన కేంద్రంలో కలిసినప్పుడు పోల్చుకుని, తేడాలను ఒక పేజీలో రాయండి.